గద్ద తన్నిన మనిషి

ఆ పేటలో అందరికీ అతను కేబులబ్బాయే. జుట్టు నెరిసింది, కళ్ళజోడు వచ్చింది, మెట్లెక్కేటప్పుడు మోకాళ్ళు గొణుగుతున్నాయి, అయినా అబ్బాయి హోదా మాత్రం పోలేదు. ఒకప్పుడు టీవీలో బొమ్మ ఆగిపోతే అతని కోసం వీధి వీధంతా గుమ్మాల్లో నిలబడేది. ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఫోన్లే. మిగిలిన కాసిన్ని ఇళ్ళ కోసం అతను ఇంకా మేడలెక్కుతూ, వైర్లు వెతుక్కుంటూ, మెడ పైకెత్తి నడుస్తుంటాడు. ఎదురుగా లారీ వచ్చినా చూసుకోని రకం.

పెళ్ళయిన కొత్తలోనే భార్య అతనికి పైచూపు అని పేరు పెట్టింది. "మీ పైచూపు తగలెయ్య, కంచంలోకి చూసి తినండి" అనేది. ఆవిడ ముద్దు అలాగే ఉండేది.

కిందటేడు ఆవిడకు జ్వరం మెదడుకెక్కింది. ఆసుపత్రిలో ప్రాణం దక్కింది గాని పెళ్ళి దక్కలేదు. పుట్టింటి గోడల రంగు గుర్తుంది, చదివిన బడి గుర్తుంది, తోడుగా వచ్చి ఉంటున్న చెల్లెలు గుర్తుంది. ఇది చెల్లెలి ఇల్లనే అనుకుంటోంది. అతణ్ణి చూసి మాత్రం మర్యాదగా లేచి నిలబడింది. మీరు కేబులు వాళ్ళు కదూ, ఒకసారి మా ఇంటికి వచ్చారు, అంది. అదీ నిజమే. పెళ్ళికి ముందు వాళ్ళింటి టీవీ బాగుచెయ్యడానికి వెళ్ళినప్పుడే ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆవిడ జ్ఞాపకం ఆ రోజు దగ్గరే ఆగిపోయింది.

నిజం చెప్పి చూశాడు. పెళ్ళి ఫోటో చూపించాడు. ఆవిడ హడలిపోయి చెల్లెలి వెనక దాక్కుంది, రెండు రోజులు అన్నం ముట్టలేదు. బలవంతపెట్టొద్దన్నాడు డాక్టరు. అప్పటినుంచీ అతను తన ఇంటికి తనే సాయంత్రాలు పనివాడిలా వస్తాడు. టీవీ వెనక వైరు కాస్త కదుపుతాడు, మరదలు ఇచ్చిన టీ తాగుతాడు. ఆవిడ పడుకున్నాక ముందు గదిలో చాప పరుచుకుని, ఆవిడ లేవకముందే చుట్టి మూల పెట్టి బయటపడతాడు. సొంతింట్లో దొంగబతుకు. అతనికి కావలసింది ఒక్కటే, ఆవిడ మళ్ళీ ఒక్కసారి తనను నోరారా తిట్టాలి.

ఇలా ఉండగా గద్దలు వచ్చాయి. సందు చివరి అపార్టుమెంటు మేడ మీద అతను ఎప్పుడో నిలబెట్టిన పాత యాంటెన్నా స్తంభం ఉంది. దాని కొసన ఓ గద్దల జంట గూడు కట్టింది. పుల్లల మధ్య అతను కోసి పారేసిన నల్ల వైరు ముక్కలు కూడా అల్లుకుంది. సరుకు అతనిది, ఇల్లు వాటిది. గుడ్లు పగిలి గద్దపిల్లలు బయటికొచ్చాక ఒకరోజు అతను స్తంభం పక్కనున్న వైర్ల పెట్టె తెరవబోయాడు. వెనకనుంచి ఎవరో చెప్పుతో కొట్టినట్టయింది. తల తడుముకుంటే చేతికి నెత్తురు.

తన్నింది తల్లి గద్ద. అది బట్టలారేసేవాళ్ళ జోలికి పోలేదు, కింద ఆడుకునే పిల్లల జోలికీ పోలేదు. అతను సందు మొదట్లో కనబడితే చాలు, సన్నగా అరుస్తూ దిగేది. చొక్కా మారినా, ఎండకు గొడుగు వేసినా పోల్చుకునేది. పేటంతా పడీపడీ నవ్వింది. అపార్టుమెంటు సెక్రటరీ తన హెల్మెట్ ఇచ్చి, అసలు ఆ స్తంభమే పీకేద్దాం అన్నాడు. పిల్లలు ఎగిరేదాకా ఆగమని కేబులబ్బాయి బతిమాలాడు. జాలిగుండె అనుకున్నారందరూ. జాలి ఉంది, కాదనను. అసలు సంగతి వేరే.

మొదటి దెబ్బ తిన్నరోజు అతను తలకు రుమాలు అదుముకుని ఇంటికే వెళ్ళాడు. మరదలు బజారుకెళ్ళింది. తలుపు తీసిన భార్య గాభరాపడి, అతణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, దూది తెచ్చి, తల వంచమంది. జ్వరం తర్వాత ఆవిడ చెయ్యి అతని మీద పడడం అదే మొదలు. ఆవిడ జుట్టు పాయలు తీసి మందు రాస్తుంటే అతను కళ్ళు మూసుకున్నాడు. నొప్పి కాదు. ఆ వేళ్ళు అతనికి తెలుసు.

"ఇంత దెబ్బ తగిలితే ఇక్కడికొచ్చారేంటి? మీ ఇంట్లోవాళ్ళు చూసుకోరా?"

"చూసుకుంటుందండీ. చాలా బాగా చూసుకుంటుంది."

"తిట్టదా మరి?"

"తిట్టేది" అన్నాడు. వెంటనే, "తిడుతుంది" అని దిద్దుకున్నాడు.

ఆవిడ నవ్వింది, ఎవరో ఇల్లాలి సంగతి విన్నట్టు.

అందుకే సెక్రటరీ ఇచ్చిన హెల్మెట్ స్కూటరు మీదే ఉండిపోయింది. అంత వయసొచ్చిన మనిషి, గద్ద చేత తన్నించుకోవడానికి తల దువ్వుకుని మరీ బయల్దేరేవాడు. మరదలు ఒకట్రెండు రోజులు చూసి ఊరుకుంది, ఆపైన సాయంత్రమయ్యేసరికి ఏదో పని కల్పించుకుని పక్కింటికి పోయేది. దెబ్బ గట్టిగా తగలని రోజు అతనికి దిగులు.

ఒకరోజు మేడెక్కితే గూడు ఖాళీగా ఉంది. పిల్లలు పక్క మేడల మీద తడబడుతూ ఎగురుతున్నాయి. తల్లి గద్ద నీళ్ళ ట్యాంకు మీద కూర్చుని అతణ్ణి చూసింది, చూసి రెక్కలు దులుపుకుని ఊరుకుంది. అటూ ఇటూ పచార్లు చేశాడు, చేతులూపాడు, సిగ్గు విడిచి ఈల కూడా వేశాడు. ఉలుకూ పలుకూ లేదు. కిందనుంచి సెక్రటరీ, ఇక తీసెయ్యొచ్చుగా అని కేకేశాడు. తను నిలబెట్టిన స్తంభం తనే విప్పాడు. తుప్పుపట్టిన చువ్వ ఒకటి చేతికొస్తే, దీంతో తల గీరుకుంటే ఎలా ఉంటుందన్న ఆలోచన వచ్చింది. ఆవిడకు అబద్ధం చెప్పలేక చువ్వ పారేశాడు.

తలుపు ఆవిడే తీసింది. మొహంకేసి కాదు, ముందు తలకేసి చూసింది. బల్ల మీద దూది, మందు సీసా, గిన్నెలో వేణ్ణీళ్ళు అప్పటికే పెట్టి ఉన్నాయి.

"ఈరోజు తన్నలేదా?"

"లేదండీ. పిల్లలు ఎగిరిపోయాయి. ఇక తన్నదు."

ఆవిడ సీసా మూత బిగించింది. మళ్ళీ విప్పింది.

"అయితే రేపటి నుంచి మీరు రారా?"

ఆ ఇంట్లో తన చొక్కాలున్నాయి, తన చాప ఉంది, తన పెళ్ళి ఫోటో బీరువాలో దాచి ఉంది. అవేవీ చెప్పకుండా గుమ్మంలోనే నిలబడి, "వస్తానండీ" అన్నాడు. "టీవీ ఇంకా బాగవలేదు కదా."

ఆవిడ కుర్చీ ముందుకు జరిపింది.

"రండి, తల వంచండి. పాతవి మానాయో లేదో చూస్తాను."