తనకు తానే పంపుకున్న రిజిస్టరు ఉత్తరం

కృపానందం మాస్టారు నోటిమాటను నమ్మరు. ఎంతటి చిన్న సంగతైనా రిజిస్టరు పోస్టులో వెళ్ళాలి. అందినట్టు సంతకంతో కార్డు తిరిగి రావాలి. ఏలూరులో వారి ఇంటికీ మా ఇంటికీ మధ్య నడుమెత్తు గోడ ఒక్కటే అడ్డం. మా మామిడికొమ్మ ఆ గోడ దాటిందన్న వార్త మాత్రం పెద్ద పోస్టాఫీసు మీదుగా ప్రయాణించి మూడో రోజున నాకు చేరింది.

"గోడ మీంచి ఒక్క మాట చెబితే సరిపోయేది కదండీ మాస్టారూ!"

"చెబితే మీరు విన్నారని రుజువేమిటండీ, భానుప్రకాష్ గారూ?"

తత్త్వశాస్త్రం సందేహాన్ని గౌరవనీయమైన సాధనంగా లెక్కిస్తుంది. మాస్టారు దానికి తపాలా బిళ్ళ అంటించారు.

దారిలో ఎవరైనా వెలుతురుకు పట్టి చదువుతారేమోనని ఉత్తరానికి పైనొకటి, కిందొకటి తెల్లకాగితం పెట్టేవారు. అంతటితో ఆగలేదు. తనను తాను కూడా నమ్మరు కనుక, ఆఫీసులకు పంపిన ప్రతి ఉత్తరానికీ నకలు తీసి, అదే రోజున తన పేరనే మరో రిజిస్టరు కవరు పంపుకునేవారు. అది మోసుకొచ్చే పోస్ట్‌మాన్ బాలస్వామి గుమ్మంలో నిలబడి గంభీరంగా అడిగేవాడు:

"కృపానందం గారంటే తమరేనాండీ?"

"అలా అడగాలి! ఉండవయ్యా, గుర్తింపు కార్డు తెస్తాను."

ఆ కవర్లను విప్పకుండా ట్రంకు పెట్టెలో దాచేవారు. అంటించిన కవరు, దాని మీద తేదీ ముద్ర: లోపలి కాగితానికి అంతకు మించిన సాక్షి లేదని ఆయన సిద్ధాంతం. మా వీధికి ఆ పెట్టె అంటే గుబులు. అందులో మా అందరి మీదా అర్జీలున్నాయని నా గట్టి అనుమానం. మా మామిడిచెట్టు మీదే మూడింటికి తక్కువ ఉండవనుకునేవాణ్ణి.

కొల్లేరులో చేపల చెరువుల గట్లు తెంచుతున్న 2006లో, మండవల్లి వైపు నుంచి సలోమి అనే ఆవిడ మాస్టారిని వెతుక్కుంటూ వచ్చింది. ఒకప్పుడు ఆయన దగ్గర చదువుకున్న మనిషి. భర్త పోయాడు, అరవై సెంట్ల చెరువే ఆధారం. కేంద్ర వన్యప్రాణి చట్టం కింద, అయిదో కాంటూరు అనే హద్దు లోపల చెరువులుండకూడదు. ఈవిడ చెరువు హద్దుకు బయట ఉంది. నోటీసు మాత్రం లోపల ఉందంటోంది.

"ఒకరు కోర్టుకెళ్ళమంటారండీ, ఒకరు లోక్ అదాలత్ అంటారండీ. గడువు దాటగానే పొక్లెయిన్ వచ్చేస్తుందంటండీ."

మాస్టారు నోటీసును కిటికీ వెలుతురుకు పట్టుకుని చూశారు. "పదిహేను రోజుల్లో అభ్యంతరం పంపితే విచారణ జరిపి తీరాలమ్మా. చిన్న అక్షరాల్లో వేశారు చూడు. చిన్న అక్షరాలంటేనే నాకు అనుమానం."

అభ్యంతరం రాశారు, సర్వే పటం జతచేశారు, రిజిస్టరు చేశారు. కార్డు తిరిగొచ్చింది. విచారణకు పిలుపూ వచ్చింది. ఆయన అనుమానం ఏలూరు అటవీశాఖ ఆఫీసులో ఎలా పనిచేస్తుందో చూద్దామని నేనూ వెళ్ళాను.

అధికారి ఫైలు తెరిచారు. "మీ కవరు గడువులోనే అందిందండీ. లోపల రెండు తెల్లకాగితాలున్నాయి. అభ్యంతరమేదీ?"

సలోమి ముఖం పాలిపోయింది. మాస్టారు అధికారిని చూశారు, గుమాస్తాను చూశారు, ఆఖరుకు నన్ను చూశారు.

"నన్నెందుకు చూస్తారండీ?"

"మామిడికొమ్మ సంగతి మీరింకా మరిచిపోయుండరు కదండీ!"

తరవాత ఆయన చూపు తన చేతుల మీద ఆగింది. "ఒక్క గంట ఇప్పించండి సార్. నా పేరిట ఇంకో కవరుంది."

ఆటోలో ఇంటికి పరుగెత్తి, ఇద్దరం ట్రంకు పెట్టె ముందు కూలబడ్డాం. రెండు వందలకు పైగా కవర్లు. ప్రతిదాని మూలనా ఎవరి తరఫున, దేనికి రాశారో ఉంది: పెదపాడు అచ్చమ్మకు పింఛను, వరమ్మకు ఇంటి పట్టా... ఒక్కటీ మాస్టారి సొంత తగువు కాదు. నా పేరు కోసం రెండుసార్లు వెతికాను. లేదు. నిజం చెప్పొద్దూ, కొంచెం చిన్నతనంగానే అనిపించింది.

అధికారి ముద్ర మీది తేదీ చూసి, కవరు అంచు చింపారు. అభ్యంతరం, పటం, మళ్ళీ అభ్యంతరం, పటం. ఆఫీసు ప్రతీ, నకలూ రెండూ తనకే పంపుకున్నారు మాస్టారు!

"ఇది మీ పొరపాటే కదండీ?"

"ముమ్మాటికీనండీ. నా మీద నాకు మొదట్నుంచీ అనుమానమే. ఈ కవరు పంపుకున్నది అందుకే."

అధికారి నవ్వాపుకుని, తిరిగి కొలవమని సర్వేయరుకు రాశారు. కొలిస్తే చెరువు హద్దుకు ముప్పై గజాలు అవతల తేలింది. గట్టు నిలిచింది.

మనుషులను మెచ్చుకోవడంలో నేను తొందరపడను. ఆ వారంలో మామిడికొమ్మ మాత్రం నేనే కొట్టించాను.

తరవాతి ఆదివారం సలోమి రెండు కొర్రమీనులు తెచ్చి, ఒక కాగితం ముందుకు చాపింది. "అందినట్టు సంతకం పెట్టండి మాస్టారూ. తమరు నేర్పిందేనండీ."

మాస్టారు దాన్ని వెలుతురుకు పట్టుకోలేదు, చదవనైనా లేదు. సంతకం పెట్టేశారు. గోడ ఇవతల నిలబడి చూస్తున్న నేను నమ్మలేకపోయాను.

సలోమి వీధి మలుపు తిరుగుతుండగా ఆయన చేపలు చేతిలో ఉండగానే గుమ్మం దిగి పరుగెత్తారు.

"ఆగమ్మా, ఆగు! తేదీ వెయ్యలేదు!"