వరద గదిలో నల్ల తెర

నేను రిటైరు కావడానికి రెండేళ్ల ముందు, జూన్ మొదటి వారంలో, ధవళేశ్వరానికి దిగువన గోదావరి గట్టు మీదున్న ఒక వరద సమాచార గదికి నన్ను డెప్యుటేషన్ మీద వేశారు. అప్పట్లో నా హోదా సిస్టమ్ అసిస్టెంట్.

ఎగువన నదిలో అమర్చిన గేజీలు నీటిమట్టాన్ని వాటంతట అవే చదివి పంపుతాయి. అక్కడ మనుషులుండరు. ఆ అంకెలు ఈ గదిలోని లినక్స్ కంప్యూటర్ తెర మీద కనబడతాయి. మట్టం హద్దు దాటితే, గది పక్కనే ఉన్న రేవు నుంచి నది మధ్య లంకలకు జనాన్ని, బళ్లను దాటించే పంటు అనే పెద్ద పడవను ఆపించాలి. పగటి డ్యూటీలో ఆ బాధ్యత జూనియర్ అసిస్టెంట్ సువార్తమ్మ గారిది. చిక్కల్లా ఏమిటంటే, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా కంప్యూటర్ పాస్‌వర్డు అడిగి ఆగిపోయేది. షిఫ్టులు మారేవాళ్లు మరిచిపోతున్నారని ఎవరో దాన్ని చీటీ మీద రాసి మానిటర్‌కే అంటించారు.

ఏమీ అడగకుండానే తెరుచుకునేలా ఆటో లాగిన్ పెడదామన్నాను. తాళం లేని గదిలా అవుతుంది కదా అని మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారు మొదట ఒప్పుకోలేదు. అందుకని అంకెలు చూపించడం తప్ప దేన్నీ మార్చే అధికారం లేని వేరే ఖాతా ఒకటి తెరిచాను. లాగిన్ తెరను నడిపే ప్రోగ్రామ్ సెట్టింగుల ఫైల్లో ఆ ఖాతా పేరు రాసి, డెస్క్‌టాప్ రాగానే మట్టాల పేజీ తెరుచుకునేలా స్టార్టప్ జాబితాలో చేర్చాను. చీటీ పీకేసి, పాత పాస్‌వర్డు మార్చేశాను.

జూలైలో డిస్‌ప్లే డ్రైవర్ పాడై తెర వణకసాగింది. బాగు చేయడానికి, కంప్యూటర్ ఇక మీదట టెక్స్ట్ మోడ్‌లో, అంటే ఉత్త అక్షరాల తెరతో, లేచేలా మార్చాను. పని అయ్యాక డెస్క్‌టాప్‌ను కమాండ్ కొట్టి చేత్తో మొదలుపెట్టాను. తెర శుభ్రంగా వచ్చింది. లేచే పద్ధతిని తిరిగి డెస్క్‌టాప్‌కు మార్చడం మరిచిపోయి ఇంటికి వెళ్లిపోయాను. యంత్రం నడుస్తున్నంత కాలం ఆ లోపం ఎవరి కంటా పడదు.

ఆగస్టులో ఒక రోజు వేరే పని మీద తునిలో ఉండగా, పొద్దున్న పదిన్నరకు సువార్తమ్మ గారు ఫోన్ చేశారు. వానకు కరెంటు పోయిందట. యూపీఎస్ కూడా అయిపోయింది. కరెంటు వచ్చింది గానీ తెర నల్లగా ఉంది.

"పైన ఏదో ఇంగ్లీషులో ఉందండి. లాగిన్ అని అడుగుతోంది. మౌస్ కదలట్లేదు."

నేను చేసిన తప్పు ఆ క్షణంలోనే తెలిసింది. పంటు ఎక్కడుందని అడిగాను.

"రేవులోనే ఉందండి. జనం, బళ్లు ఎక్కేశారు. నేనే ఆపాను. సరంగు వీర్రాజు గారు కోప్పడుతున్నారు."

పంటు నడిపే ఆయన గది గుమ్మంలోనే ఉన్నట్టున్నారు, గొంతు నాకూ వినబడింది. "ఏంటండీ ఇది, నీళ్లు నిన్నటిలాగే ఉన్నాయి కదా."

"ఇక్కడ ఎలా ఉన్నాయో కాదండి, పైనుంచి ఎంత వస్తోందో నాకు తెలియాలి. తెలిసే దాకా తాడు విప్పకండి" అన్నారావిడ. గొంతు పెంచలేదు.

అడ్మిన్ పాస్‌వర్డు ఫోన్‌లో చెప్పడం నిబంధనలకు విరుద్ధం. చెప్పాను. అక్షరాలు పడట్లేదండి అన్నారు. పాస్‌వర్డు కొడుతుంటే తెర మీద కనబడదని, పడుతున్నట్టే అనుకుని కొట్టమని చెప్పాను. మొదటిసారి తప్పని వచ్చింది. క్యాప్స్ లాక్ దీపం వెలిగి ఉంది. రెండోసారి లోపలికి వెళ్లింది. ఇక కమాండ్‌ను ఒక్కో అక్షరమే చెప్పుకొచ్చాను. జి ఫర్ గోదావరి, ఆర్ ఫర్ రాజమండ్రి అంటూ ఆవిడ తిరిగి చదివి వినిపించారు. డెస్క్‌టాప్‌తోనే లేవాలన్న సెట్టింగు పడింది. తర్వాత రీబూట్ చేయించాను.

రెండు నిమిషాలు పట్టి ఉంటుంది. ఫోన్‌లో వాన చప్పుడు, రేవులో జనం విసుగు తప్ప ఇంకేమీ వినబడలేదు.

"వచ్చిందండి. ఏమీ అడగకుండానే వచ్చింది." అంకెలు చూసి, "ఎగువ మట్టం హద్దు దాటేసిందండి. గంట నుంచి ఎక్కుతూనే ఉంది" అన్నారు.

పంటు రద్దు చేసి జనాన్ని దింపేశారు. మధ్యాహ్నానికి రేవు మెట్లు మునిగాయి. నది నడుమ దుంగలు కొట్టుకుపోయాయని సాయంత్రం వీర్రాజు గారే ఫోన్ చేసి చెప్పారు. పొద్దున్న అరిచినందుకు ఏమీ అనుకోవద్దని ఆ అమ్మగారికి మీరు కూడా ఓ మాట చెప్పండి అన్నారు. అప్పటి దాకా నేను అన్నం ముట్టలేదు. ఆ ఫోన్ పెట్టేశాక తుని బస్టాండు పక్క హోటల్లో కూర్చుని కడుపునిండా తిన్నాను.

మర్నాడు పాస్‌వర్డు మార్చి, జరిగింది జరిగినట్టు రాసి ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారికి ఇచ్చాను. నాకు మెమో వచ్చింది. న్యాయమే. సువార్తమ్మ గారి నిర్ణయాన్ని ఆయన డ్యూటీ పుస్తకంలో మెచ్చుకుంటూ రాశారు.

బాగు చేసిన యంత్రాన్ని నడుస్తుండగా చూసి వచ్చేస్తే పని సగమే అయినట్టు. ఆ తర్వాత నా సర్వీసులో ఏ కంప్యూటర్‌నైనా స్విచ్ తీసి, మళ్లీ వేసి, చెయ్యి పెట్టకుండా కూర్చుని, అది తనంతట తాను లేవడం చూశాకే పని పూర్తయిందని సంతకం పెట్టాను.