కోరుట్ల దాటిన నిద్ర

సిరిసిల్లలో మరమగ్గాల నడుమ నిలబడి నిద్రపోయిన మనిషిని నేను. మా మాటలో వాటిని సాంచాలంటాం. అవన్నీ ఒక్కసారి మోగుతుంటే పక్కవాడి మాట వినపడదు, పెదవులు చూసి పోల్చుకోవాలి. అంత మోతలో గుర్రంలా నిలువుకాళ్ల మీద కునుకు తీసేవాణ్నని కోరుట్లలో అందరికీ చెప్పుకున్నాను. అది అబద్ధం. గోడకు ఆనుకునేవాణ్ని, కింద నూలు మూట కూడా ఉండేది. ఒకటి మాత్రం నిజం. పోగు తెగి ఒక్క సాంచా ఆగినా కళ్లు వాటంతటవే తెరుచుకునేవి. మమ్మల్ని లేపేది చప్పుడు కాదు, చప్పుడు ఆగిపోవడం.

ఒంట్లో సత్తువ తగ్గాక కోరుట్లలో బిడ్డ దగ్గరికి చేరాను. ఆమె బీడీలు చుడుతుంది. అల్లుడు కువైట్‌లో ఉంటాడు. ఒకరోజు ఆమె చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోయిన వేళ అల్లుడు నాకు ఫోన్ చేశాడు.

"మామా, కంపెనీల పని బందయ్యింది. రూముల కూసున్నం. నీ బిడ్డకు చెప్పకు, ఆగమైతది."

"నా కడుపుల పడ్డదంటే బాయిల పడ్డట్టే అల్లుడా" అన్నాను గొప్పగా.

బావిలో పడింది నా నిద్ర. పక్క మీద వాలగానే గుండె దడదడలాడేది. దవడలు బిగుసుకుపోయేవి. ఇంట్లో ఏ సడీ లేకపోతే ఎక్కడో పోగు తెగినట్టే ఉలిక్కిపడేవాణ్ని. బిడ్డకు అనుమానం రాకూడదని గురక నటించడం మొదలుపెట్టాను. దొంగ గురక ఎంత చాకిరీయో నిజం గురక పెట్టేవాళ్లకు తెలియదు. గొంతు ఎండిపోతుంది, తెల్లారేసరికి పక్కటెముకలు నొప్పెడతాయి. పగలేమో కుంభకర్ణుడు నా ముందు ఎంత అని పక్కింటివాళ్ల దగ్గర కోతలు కోసేవాణ్ని. ఒక పూట వీధి మలుపులో నిలబడి, ఎక్కడికి బయల్దేరానో గుర్తురాక అక్కడే ఉండిపోయాను. బిడ్డ భయపడి నన్ను జగిత్యాల దవాఖానకు తీసుకుపోయింది.

డాక్టరమ్మ బీపీ చూసింది. "నిద్ర పడుతుందా తాతా?"

"పండుకుంటే పొద్దుగాలనే లేసుడు."

"అబద్ధం డాక్టరమ్మా" అంది బిడ్డ. "దొంగ గురక పెడుతడు. నిజం గురకైతే నడుమ నడుమ ఈల అస్తది. నెల సంది ఈల లేదు."

డాక్టరమ్మ నన్ను వదిలి ఆమెవైపు తిరిగింది. "రాత్రంత గురక ఇన్నవంటే, నువ్వు కూడ నిద్రపోతలేవన్నట్టే గదమ్మా?"

బిడ్డ తల వంచుకుని చీర కొంగు సర్దుకుంది.

"ఒంట్ల పెద్ద రోగమేం లేదు" అంది డాక్టరమ్మ. "మనసుల గుబులుంటే ఒళ్లు కావలి కాస్తది తాతా. కావలోడు పండుకుంటడా?"

నిద్రకు గోలీ ఇమ్మని బతిమాలాను. ముందు సాయంత్రం చాయ్ మానమంది. ఫోన్ దిండు కింద పెట్టుకోవద్దంది. నిద్ర పట్టినా పట్టకపోయినా రోజూ ఒకే వేళకు లేవాలట. పట్టనప్పుడు పొర్లకుండా లేచి కూర్చుని, ఊపిరి మెల్లగా వదలాలట. "అన్నిటికంటే ముందుగాల, కడుపుల ఉన్నది ఎవలకన్న చెప్పు. గోలీ సంగతి తర్వాత చూద్దాం."

తిరుగు బస్సులో కిటికీ పక్కన బిడ్డ కూర్చుంది. అల్లుడికిచ్చిన మాట నాలుక మీద బరువుగా ఉంది. జగిత్యాల దాటాక ఇక మోయలేకపోయాను.

"బిడ్డా, అల్లునికి అక్కడ పని లేదు."

ఆమె కిటికీలోంచి చూపు తిప్పలేదు. "నాకెరుకే."

"ఎవలు చెప్పిండ్రు?"

"ఎవలు చెప్పాలె బాపూ? డ్యూటీ ఉన్నోడు శుక్రారం తప్ప ఎన్నడన్న తీరుబడిగ మాట్లాడిండా? పోయిన నెల ఒక మంగళారం పొద్దుగాల, డ్యూటీ టైముల, ఏం కూర వండినవని అడుగుతుండు. గప్పుడే సమజైంది."

"మరి నాకెందుకు చెప్పలే?"

"నువ్వు తట్టుకోవనుకున్న. నువ్వేమో ఇంటి కప్పు లేసిపోయేటట్టు గురక పెట్టవడితివి."

అక్కడే ఫోన్ తీసింది. "ఏమయ్యా, బాపు చెప్పిండు. ఇగ నటించకు. పని దొరికితే చెయ్యి, లేకుంటే ఇంటికి రా. నీ మొకం చూసుకుంట బతుకుతం."

 అటునుంచి ముక్కు చీదిన చప్పుడు, "సరే" అన్న మాట.

ఆ పైన కండక్టర్ భుజం తట్టడమే నాకు గుర్తు. "ఓ పెద్దమనిషీ, కోరుట్ల ఎప్పుడో దాటింది. బిడ్డను లేపు."

ఆమె నా భుజం మీద తల వాల్చి, నోరు కొద్దిగా తెరిచి నిద్రపోతోంది. లేపబుద్ధి కాలేదు. ఇద్దరం నిజామాబాద్ దాకా నిద్రపోయామని ఊళ్లో చెబుతుంటాను. మెట్‌పల్లి దాకానే. అయినా అంత నిద్ర మాకు చాలా రోజుల తర్వాత దొరికింది.

అల్లుడు ఇంకా అక్కడే పని వెతుక్కుంటున్నాడు. చాయ్ మానేశానని డాక్టరమ్మకు చెప్పాను, నిజానికి సగం కప్పే మానాను. దొంగ గురక పెట్టే ఓపిక మాత్రం లేదు. నిద్ర రానప్పుడు లేచి కూర్చుంటాను.

"బాపూ, ఈల ఇనవస్తలేదు" అంటుంది లోపలినుంచి.

"నీకెట్ల ఎరుక? నువ్వు పండుకుంటలేవా?" అంటాను.