చంద్రగిరి కోట బయట కుర్చీ

పోయిన నెల మనవరాలి పెళ్ళికి ముందు మా ఇంట్లో పెద్దలకు బట్టలు పెట్టుకున్నాము. పీట మీద మా నాయన ఫోటో ముందు పంచె పెట్టి, పక్కన అమ్మ పేరున ఉత్త చీర ఒకటి ఉంచి, దాని మీదే పసుపూ కుంకుమా పూలూ వేయడం మా ఇంట్లో యాభై ఏళ్ళకు పైగా ఉన్న అలవాటు. ఆ పిల్ల అది చూసి, ముత్తవ్వ ఫోటో ఒక్కటి కూడా లేదా అని అడిగింది. లేదన్నాను. ముఖం ఎట్లా ఉండేదో చెబితే చాలుననీ, చెప్పినదాన్ని బట్టి తన ఫోనే బొమ్మ తయారుచేస్తుందనీ, దాన్నే పటం కట్టించుకోవచ్చుననీ అంది. మంచి మనసుతోనే అంది. ఎవరో ఒకామె బొమ్మకు మా ఇంట్లో బట్టలు పెట్టనక్కరలేదని నేను కాస్త గట్టిగానే అని, లేచి వసారాలోకి వచ్చేశాను.

ఆ కాలంలో ఫోటోలు ఎక్కడివిలే అని మా వాళ్ళు సర్దిచెప్పుకుంటూ ఉంటారు. ఇన్నేళ్ళుగా నేను వాళ్ళను సరిదిద్దలేదు. ఇది చదివే నా ఈడువాళ్ళతో చెప్పుకుంటే తప్పులేదనిపించి ఇప్పుడు రాస్తున్నాను. అమ్మ ఫోటో లేకపోవడానికి కారణం కాలం కాదు, నేను.

పలమనేరు పక్కన మా తాత బతికిన బతుకు గురించి ఇక్కడ ఎక్కువ రాయను. తెలిసినవాళ్ళకు తెలుసు, తెలియనివాళ్ళకు చెప్పుకోవడం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. ఏటా ఎండాకాలంలో మా ఊళ్ళో పద్దెనిమిది రోజులు భారతం ఆడించేవారనీ, ఆటగాళ్ళకు చివరిరోజు బట్టలు మా తాత చేతుల మీదుగానే ఇచ్చేవారనీ మాత్రం చెబితే చాలు. నేను ఉయ్యాలలో ఉండగానే ఆయనా పోయారు, భూములూ పోయాయి, ఇంట్లో సామాను కూడా ఒక్కొక్కటే గడప దాటిపోయింది. నాకు జ్ఞానం వచ్చేనాటికి మా నాయన చిత్తూరులో ఒక బెల్లం మండీలో గుమాస్తా, మాది రెండు గదుల బాడిగ ఇల్లు. విచిత్రమేమిటంటే, అంతా అనుభవించి పోగొట్టుకున్న నాయన ఎవరితోనైనా నవ్వుతూ మాట్లాడేవాడు; ఏమీ చూడని నేను మాత్రం ఆ పోయిన బతుకంతా నా వెన్నులోనే ఉన్నట్టు నిక్కి నడిచేవాణ్ణి. పొరుగింట్లో పెళ్ళికి పిలిచినా, పిలిచిన తీరు నచ్చకపోతే భోజనానికి వెళ్ళేవాణ్ణి కాదు. అప్పుడు నాకు పదమూడేళ్ళు.

ఆ వేసవిలో నాయన మూడు రోజులు సెలవు పెట్టి, అమ్మనూ నన్నూ చెల్లెలినీ తిరుపతి చూపించడానికి తీసుకువెళ్ళాడు. మా జన్మలో మేము నలుగురం కలిసి చేసిన యాత్ర అదొక్కటే. మొదటిరోజు కొండ, రెండోరోజు గోవిందరాజస్వామి గుడీ కపిలతీర్థమూ, సత్రంలో పడక, ఆకులో పొంగలి. చివరిరోజు తిన్నగా ఇంటికి పోకుండా చంద్రగిరిలో దిగి కోట చూసి పోదామన్నాడు నాయన. ఆ పొద్దున అమ్మ, కొండకు కూడా కట్టుకోకుండా పెట్టె అడుగున దాచి తెచ్చిన ఆవపువ్వు రంగు పట్టుచీర కట్టుకుంది. బస్సు దుమ్ములో పాడైపోయే చీర ఇప్పుడెందుకు అని నేను విసుక్కున్నాను. అమ్మ చెల్లెలి జడకు రిబ్బను కడుతూ కూర్చుంది.

రాజమహలు మెట్లెక్కి, రాణిమహలు చుట్టూ తిరిగి, ఎండలో కళ్ళు చికిలించుకుంటూ బయటికి వచ్చాక, కోటగోడ పక్కన చింతచెట్టు కింద జనం గుమిగూడి కనిపించారు. ఒక ఫోటోగ్రాఫరు రాజదర్బారు గీసిన తెర కట్టి, దాని ముందు ఎర్ర మఖమలు గుడ్డ కప్పి బంగారు కాగితాలు అంటించిన పెద్ద కుర్చీ ఒకటి వేసి ఉన్నాడు. అంతకుముందు ఏదో భారతం ఆటగాళ్ళ మేళంలో ఉండేవాడట, మాటలోనే ఆ పోకడ తెలుస్తోంది.

"రాండి సామీ, రాండి! రాజు లేని కోటకు మీరే రాజు! ధర్మరాజు కిరీటం ఉండాది, భీముడి గద ఉండాది, ఏది కావాలంటే అది ఎత్తుకోండి!"

అప్పటికే బొజ్జాయన ఒకడు కిరీటం పెట్టుకుని కుర్చీలో చెమటలు కక్కుతున్నాడు. గద పట్టుకోవడం అతనికి చేతకాలేదు. "సరిగ్గా పట్టుకో మామా, అది మా అక్క రోకలి గాదు, నిన్నేమీ సేయదులే!" అని గుంపులోంచి ఎవరో అరిస్తే అందరూ గొల్లుమన్నారు. చెల్లెలు కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

అతను లేచి వెళ్ళాక నాయన కుర్చీ దగ్గరికి వెళ్ళి, మఖమలు గుడ్డ కొంచెం తొలగించి, కుర్చీ చేతిని అరచేత్తో నిమిరాడు. తర్వాత, "కిరీటం వద్దప్పా, కుర్చీ చాలు. ఈమె కూర్చుంటుంది, మేము పక్కన నిలబడతాము," అని అమ్మ వైపు చూశాడు. అమ్మ కొంగు సవరించుకుని, కుర్చీ అంచున సగం కూర్చుంది. ఆమె అంత సిగ్గుపడడం నేను అంతకుముందు చూడలేదు.

"బాడిగ కుర్చీలో కూర్చునేదానికా నాయనా మనం ఇంతదూరం వచ్చింది? జనం చూసి నవ్వుతా ఉండారు. తాత ఉంటే ఇట్లాంటి పని చేసుండునా?" అన్నాను నేను, అందరికీ వినబడేటట్టు.

అమ్మ లేచి నిలబడింది. ఫోటోగ్రాఫరు నల్లగుడ్డ కిందనుంచి తల బయటపెట్టి, ఎవరి వైపు చూడాలో తెలియక చింతచెట్టు వైపు చూశాడు. నాయన తొలగిన మఖమలు గుడ్డను మళ్ళీ కుర్చీ చేతి మీదికి జాగ్రత్తగా కప్పి, బస్సు టైమయింది పదండి అన్నాడు.

బస్సులో నాయన, చెల్లెలు ముందు సీట్లో కూర్చున్నారు, నేనూ అమ్మా వెనక. ఊరు దాటాక అమ్మ, కిటికీ వైపే చూస్తూ, మెల్లగా చెప్పింది.

"పెద్దోడా, అది మీ తాత కుర్చీరా. భారతం ఆడేటప్పుడు మామ దాంట్లోనే కూర్చునేది. సామాన్లు అమ్మినప్పుడు ఆ ఆటగాళ్ళు కొనుక్కోని పోయినారు. అది ఈడ ఉండాదని ఎవరో చెప్తే మీ నాయన తెలుసుకోని వచ్చినాడు. మామ కుర్చీ అని ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నేను దాని పక్కకు కూడా పోలేదు. ఒక్కసారన్నా నన్ను దాంట్లో కూర్చోబెట్టాలని ఆయనకు ఆశ."

నేను ముందు సీట్లో నాయన వీపు వైపు చూశాను.

"పాకాలలో బస్సు నిలుస్తాది," అంది అమ్మ మళ్ళీ. "ఇంకా పొద్దుండాది. నువ్వు పోయి వెనక్కి పోదామని అడుగు. నేను అడిగితే వద్దంటాడు, నువ్వడిగితే కాదనడు."

పాకాలలో బస్సు ఆగింది. నాయన దిగి, కాఫీ అంగడి ముందు చెల్లెలికి నీళ్ళు తాగిస్తున్నాడు. నేను దిగి ఆయన దగ్గరికి వెళ్ళాను. ఎదురుగా తిరుపతి పోయే బస్సు బయలుదేరడానికి సిద్ధంగా ఉంది. తప్పయింది నాయనా అనే ఒక్క మాట చాలు, అది నాలుక చివరిదాకా వచ్చింది. నాయన నా ముఖంలోకి చూసి ఏమిరా అన్నాడు. వెనక కిటికీలోంచి అమ్మ చూస్తోందని నాకు తెలుసు. నేను నిటారుగా నిలబడి, మన బస్సు ఎప్పుడు బయలుదేరుతుంది అని అడిగాను.

తిరిగివచ్చి కూర్చున్నప్పుడు అమ్మ కొంచెం జరిగి చోటిచ్చింది, అంతే.

ఆ ఏడు కార్తీకంలో మూడు రోజుల జ్వరంతో అమ్మ పోయింది. పెళ్ళినాటి ఫోటో ఒకటి ఉంది గానీ, తల వంచుకుని ఉన్న అమ్మకు బాసికమూ పూలూ తప్ప ముఖం కనబడదు. నాయన ఆ తర్వాత ఇరవై ఏళ్ళు బతికాడు, చంద్రగిరి మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తి తిట్టి ఉంటే నాకు కొంత తేలికయ్యేది. ఉద్యోగం వచ్చిన కొత్తలో నేను ఒక్కణ్ణే అక్కడికి వెళ్ళి వెతికాను. చింతచెట్టు ఉంది, ఆ ఫోటోగ్రాఫరూ, ఆ కుర్చీ ఎటు పోయాయో చెప్పగలిగినవాళ్ళు లేరు.

ఈనాటి పిల్లలు లేచినప్పటినుంచి పడుకునేదాకా ఒకరినొకరు ఫోటోలు తీసుకుంటూనే ఉంటారు, ఏ కుర్చీ ఎవరిదని అడగరు, ఎవరు నవ్వినా పట్టించుకోరు. మునుపు నాకు అది చులకనగా తోచేది. ఇప్పుడు వాళ్ళను చూస్తే అసూయగా ఉంటుంది. అమ్మ కొంగు రంగు నాకు గుర్తుంది, చెల్లెలి జడలో ఆమె వేళ్ళు గుర్తున్నాయి, గొంతు కూడా కొంచెం గుర్తుంది. ముఖమే ఏడాదికేడాదికి పలచబడిపోతూ వచ్చింది. పోయేనాటికి అమ్మకు ముప్పై రెండేళ్ళు; నా చిన్నకూతురికంటే కూడా చాలా చిన్నది. ఆ వయసులోనే, అట్లాగే, ఇవాళ చిత్తూరు బజారులో అమ్మ నాకు ఎదురుగా నడిచివస్తే, ఎవరో ఇంటి కోడలు అనుకుని, మర్యాదగా పక్కకు తొలగి దారిచ్చి, నా దారిన నేను వెళ్ళిపోతానేమో.