మూడు గంటల దుబాయ్

పినపాక దగ్గరి అడవి పల్లెలో గోపాలుకు ఒక పేరుండేది: ఎక్కడ వదిలినా దారి తప్పడని. చదువు లేదు, వాచీ లేదు. పొద్దు ఎటుందో చూస్తాడు, నడుస్తాడు. మణుగూరులో కట్టుబడి పనులు తగ్గి కూలి దొరకని ఏడాది, ఎనభై ఆరులో, దుబాయ్ పంపిస్తానంటూ ఒక ఏజెంటు ఊళ్లోకి దిగాడు. సగం కిరాయికి గోపాలు ఎడ్ల జత అమ్మాడు. మిగతా సగానికి భార్య జంపక్క తన కాళ్ల వెండి కడియాలు విప్పి గుడ్డలో మూటకట్టింది.

“దుబాయ్ నేల మీద దిగినంకనే ఇయ్యి. ముందుగాల ఇయ్యకు,” అంది. ఏజెంటు దానికీ సరేనన్నాడు. ఎంత మంచివాడో పాపం!

బొంబాయిలో మధ్యాహ్నం దాటాక విమానం ఎక్కారు. గోపాలు పక్క సీటులో వెంకటరామారావు కూర్చున్నాడు. అదే ఏజెంటును నమ్మి వచ్చిన బోనకల్ పెద్ద రైతు కొడుకు. చేతికి వాచీ, నోటినిండా లెక్కలు.

“దుబాయ్ పన్నెండొందల మైళ్లు. సముద్రం మీదుగా పడమటికి. మూడు గంటల్లో దింపుతాడు,” అని చుట్టుపక్కల వాళ్లందరికీ పాఠం చెప్పాడు.

గోపాలు కిటికీలోంచి చూశాడు. సాయంత్రం పూట పడమటికి పోయేవాడికి పొద్దు ఎదురుగా ఉండాలి. ఇక్కడ ఎండ వెనక నుంచి వచ్చి చెవి మీద పడుతోంది. కింద సముద్రం లేదు, చేలున్నాయి.

“సారూ, మనం తూర్పుకు పోతున్నట్టున్నది,” అన్నాడు మెల్లగా.

“ఇదేమన్నా మీ అడవి అనుకున్నావా?” అంటూ రామారావు పగలబడి నవ్వాడు. ముందు సీట్ల వాళ్లకు చెప్పి వాళ్లనూ నవ్వించాడు. గోపాలుకు తల కొట్టేసినట్టయింది.

రెండు గంటలు నిండకుండానే విమానం దిగింది. మైకులో ఏదో గరగరమంది. రామారావు అంతా అర్థమైనట్టు తలూపాడు.

“మూడు గంటలంటిరి గద సారూ?”

“అక్కడి గడియారం గంటన్నర వెనకుంటదయ్యా. అందుకే తక్కువ పట్టింది. లెక్క తెలియకపోతే ఊరుకో!”

గడియారం వెనక్కి తిప్పితే దూరం తగ్గుతుందని ఆ మహానుభావుడి సిద్ధాంతం. అది కాదని గోపాలుకు తెలుసు. కానీ ఈసారి నోరు విప్పలేదు. వెంట వచ్చిన ఏజెంటు మనిషి మిగతా సగం కిరాయికి సీట్ల మధ్య చెయ్యి చాచుకుంటూ వస్తున్నాడు. రామారావు అందరికన్నా ముందు ఇచ్చేశాడు. గోపాలు మూట విప్పి కడియాలు అతని చేతిలో పెట్టాడు.

బయటికొస్తే అది మద్రాసు. ఏజెంటు మనిషి జనంలో కలిసిపోయాడు.

వారం తిరిగేసరికి గోపాలు ఇల్లు చేరాడు. అందరితో పాటు తానూ మోసపోయానంటే సరిపోయేది. ఊరంతా అలాగే అనుకుని జాలిపడుతోంది కూడా. జంపక్క ముందు మాత్రం ఆ అబద్ధం నోట రాలేదు.

“అది దుబాయ్ కాదని నాకు ఎరుకే. మల్ల నవ్వుతరని ఇచ్చిన.”

ఆమె బోసి కాళ్లను చీర కిందికి లాక్కుంది.

“మోసపోయినవంటే నీతో పాటు ఏడుద్దును. ముక్కు మొగం తెలువనోళ్లు నవ్వుతరని నా కాళ్లవి ఇచ్చినవా?”