ఏ ఊరి కట్ట ఆ ఊరిదే

మొన్న మంగళవారం పొద్దున తార్నాక నుంచి మేడం మేనకోడలు ఫోన్ చేసింది. "అత్తయ్య వెళ్ళిపోయిందండీ. కాఫీ కలిపి తీసుకెళ్ళేలోపే," అంది. తొంభై దాటిన మనిషి, చాన్నాళ్ళుగా మంచం మీదే ఉంది. అయినా ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఏ పనీ చేయబుద్ధి కాలేదు.

మీలో చాలామందికి ఆమె తెలియదు. పుస్తకాలు రాయలేదు, సన్మానాలు చేయించుకోలేదు. అరవైల చివర్లో మా యూనివర్సిటీలో కంప్యూటర్ గది చూసుకునే లెక్చరర్ ఆమె. నేను ఆమె దగ్గర పనికి కుదిరిన మొదటి ఆడపిల్లని. భువనగిరి వైపు రైతు కుటుంబం మాది. వారాసిగూడలో మేనమామ ఇంట్లో ఉండి చదువుకున్నాను. ఆమెది గుంటూరు దగ్గర పల్లె, వాళ్ళ నాన్నగారు చర్చి బడిలో టీచరు. నా మాట ఆమెకు, ఆమె మాట నాకు మొదట్లో కాస్త వింతగా ఉండేవి.

మా పని ఊళ్ళల్లో నీళ్ళు ఎక్కడ పడతాయో లెక్క కట్టడం. భూమిలోకి కరెంటు పంపి కొలిచిన అంకెలు మాకు వచ్చేవి. మేము వాటిని అట్టకార్డుల మీద చిల్లులుగా కొట్టించి కంప్యూటర్‌కి ఇచ్చేవాళ్ళం. ఒక్కో ఊరికి నేల వేరు, కొలిచే పరికరం వేరు. ఆ పరికరం ఎంత తేడా చూపిస్తుందో ఆ సవరణ అంకె వేరు. ఇప్పుడు పిల్లలు సెట్టింగులు అంటారే, అవే ఇవి. అప్పట్లో వాటిని ప్రోగ్రాం మధ్యలోనే రాసేవాళ్ళం. ఊరు మారినప్పుడల్లా ఆ అంకెలున్న నాలుగు కార్డులు తీసి కొత్తవి పెట్టాలి.

ఒకరోజు రెండు ఊళ్ళ లెక్కలు వరసగా నడిపాను. రెండో ఊరికి కార్డులు మార్చడం మరిచిపోయాను. మొదటి ఊరి అంకెలతోనే రెండో ఊరి లెక్క తేలింది. కాగితం శుభ్రంగా వచ్చింది, ఎక్కడా తప్పున్నట్టు లేదు. ఎక్కడ తవ్వాలో చెప్పే ఉత్తరం ఆ ఊరికి వెళ్ళిపోయింది.

నాలుగు రోజుల తరవాత మేడం పాత కాగితాలు తిరగేస్తూ ఆగింది. "అమ్మాయ్, రెండు ఊళ్ళకీ పరికరాలు వేరు కదా. సవరణ ఒక్కటే ఎలా అయ్యింది?"

రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాను. "నేనే మార్చలే మేడం. మర్చిపోయిన."

ఆమె గొడుగు తీసుకుంది. "పద, తరవాతి బస్సు దొరుకుతుందేమో చూద్దాం," అంది.

మేము ఆ ఊరికి వెళ్ళేసరికి బావి మనిషి లోతు తవ్వేశారు. గట్టు మీద పెద్దాయన ఒకరు తలపాగా తీసి మొహం తుడుచుకుంటున్నాడు. ఆ పొలం ఆయనదే. మేడం ఆయన దగ్గరికి వెళ్ళి, "లెక్క తప్పిందండీ. ఈ చోటు కాదు. తప్పు మాదే," అంది.

"గింత తవ్వినంక చెప్తున్నరా అమ్మా?" అన్నాడాయన. అరవలేదు. అరిచినా బాగుండేది.

మేడం నా పేరు ఎత్తలేదు. నేనే ఆగలేకపోయాను. "నేను చేసిన తప్పు పెద్దయ్యా," అన్నాను.

ఆయన నన్ను కిందనించి పైదాకా చూశాడు. "మీది ఏ ఊరు బిడ్డా?" చెప్పాను. "మరి నీకు ఎరికే గద, బాయి అంటే ఏందో. సరే, వచ్చి చెప్పిన్రు. సరిగ్గ చూసి మల్ల చెప్పుండ్రి."

తిరుగు బస్సులో నేను ఏడుస్తుంటే ఆమె కిటికీ బయటికి చూస్తూ కూర్చుంది. ఉప్పల్ దాటాక అంది: "నువ్వు మరిచిపోవడం తప్పు కాదమ్మా. నువ్వు గుర్తు పెట్టుకుంటే తప్ప నడవని పని తయారు చెయ్యడం తప్పు. అది నేను చేసింది."

సరైన లెక్కతో చూపిన చోట, జొన్న చేను మూలన, ఆ ఊరికి నీళ్ళు పడ్డాయి. ఆ సంగతి పోస్టు కార్డు మీద రాశారు. కానీ మేడం ఆ తప్పుని అక్కడితో వదల్లేదు. నెల రోజులు కూర్చుని ప్రోగ్రాం మొత్తం విప్పింది. ఊరి సంగతి ఒక్కటి కూడా లోపల ఉండకూడదంది. ఒక్కో ఊరికీ విడిగా ఒక కార్డుల కట్ట, మొదటి కార్డు మీద ఊరి పేరు. ఆ అంకెల్ని కార్డుల మీదికి రాసే భాగం, తిరిగి చదువుకునే భాగం పక్కపక్కనే ఉండాలి. "రాసేవాడొకడు, చదివేవాడొకడు అయితే ఇద్దరికీ పేచీ వస్తుంది," అనేది. ఏ అంకె లేకపోయినా ప్రోగ్రాం పాతది వాడుకోకూడదు, ఆగిపోవాలి.

ఆ రోజుల్లోనే విదేశీ పత్రిక ఒకటి ఓడలో ఆలస్యంగా వచ్చింది. అందులో ఏదో కొత్త కంప్యూటర్ భాష గురించి రాశారు. ఒక వస్తువుకి చెందిన అంకెలూ, అది చేసే పనులూ కలిపి ఒకే ముద్దగా ఉంచొచ్చట. తార్నాకలో ఆమె ఇంటి అరుగు మీద కూర్చుని అది నాకు చదివి వినిపించింది. "మనం కార్డులతో పడ్డ తంటా వీళ్ళు భాషలోనే తీర్చేశారు," అని పిల్లలా సంబరపడింది. పాతికేళ్ళ తరవాత నేను ఆ ముద్దల గురించి, ఇప్పటి మాటలో ఆబ్జెక్టుల గురించి, పాఠం చెప్పడం మొదలుపెట్టినప్పుడు, మొదటి అభ్యాసంగా సెట్టింగులు దాచి, తిరిగి తెచ్చుకోవడమే ఇచ్చాను. ఎందుకో పిల్లలకు చెప్పలేదు.

తరవాతి ఏడు ప్రత్యేక రాష్ట్రం కోసం గొడవలు మొదలయ్యాయి. తరగతులు మూతపడ్డాయి. ఊరేగింపుల్లో మా అన్నలూ ఉన్నారు. మేడంని వాళ్ళ తమ్ముడు ఇంటికి రమ్మని ఉత్తరం మీద ఉత్తరం రాశాడు.

"నువ్వేమంటావ్?" అని నన్నే అడిగింది.

"కొన్నాళ్ళు పోయి రాండ్రి మేడం. పని నేను నడిపిస్త," అన్నాను.

పదకొండు ఊళ్ళ కట్టలు నా చేతిలో పెట్టి వెళ్ళింది. జాగ్రత్తలు చెప్పలేదు, కాగితం మీదా రాసివ్వలేదు. వారానికి రెండు రోజులు గది తెరవడానికి అనుమతి దొరికింది. వారాసిగూడ నుంచి సీతాఫల్‌మండి మీదుగా నడిచి వెళ్ళేదాన్ని. ఒక్కో కట్టా పెడితే మేడం పక్కనున్నట్టే లెక్క నడిచింది. ఒక్క ఊరి దగ్గర ఆగింది. కాగితం మీద ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు పడ్డాయి: పరికరం అంకె లేదు, అడిగి తెలుసుకో.

ఆమెకు ఉత్తరం రాశాను. రెండు వారాలకు జవాబు వచ్చింది. అంకె, దాని కింద ఒకే మాట: "ఆగినందుకు సంతోషం."

కొన్ని నెలలకు తిరిగొచ్చింది. స్టేషన్ నుంచి ఇంటికి కూడా వెళ్ళకుండా నేరుగా గదికే వచ్చింది. ఎవరు ఏమన్నారు, ఎక్కడ ఏమైంది, ఏదీ అడగలేదు. "చూపించు," అంది. బల్ల మీద చాలక, ముద్రించిన కాగితపు మడతల్ని వరండా పొడుగునా పరిచాను. ఆమె చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి పట్టుకుని, కాగితం మీద కాలు పడకుండా పక్కనే నడుస్తూ ఒక్కో ఊరి పేరూ పైకి చదవడం మొదలుపెట్టింది. ఎండ ఆ తెల్ల కాగితం మీద పడి ఆమె మొహం మీదికి లేచింది. వరండా చివరికి వెళ్ళేదాకా ఆమె ఏ అంకె దగ్గరా ఆగలేదు.