వావిలాకు కాపడం

మందుల షాపులో కొన్న నొప్పి మందు నడుముకు రాసుకున్నప్పుడల్లా ఆ ఘాటు వెనక నాకు ఇంకో వాసన తగులుతుంది, ఇత్తడి గంగాళంలో మరుగుతున్న వావిలాకు వాసన. కంపెనీలింకా రాని అరవైల్లో, ముత్తంగి దగ్గర మా ఊళ్లో, అదే అమ్మ వాసన.

నాట్లేసి నాట్లేసి అమ్మకు పట్టుకున్న నడుం నొప్పి నాకు ఊహ తెలిసేనాటికే మా ఇంట్లో ఒక మనిషైపోయింది. ముసురు పట్టిందంటే మరీ రెచ్చిపోయేది; వాగు ఒడ్డున విరుచుకొచ్చిన వావిలాకు ఉడికించి, గుడ్డలో మూటకట్టి కాపడం పెట్టుకుని, అమ్మ గోనెసంచి మీద బోర్లా పడుకుంటే నేను గోడ పట్టుకుని ఆమె నడుం మీద నడిచేదాన్ని. "ఆడనే బిడ్డా, జెర కిందికి" అనేది. ఎక్కడ తొక్కితే ఆమె హాయిగా ఊపిరి వదులుతుందో నా అరికాళ్లకు తెలుసు. తెల్లారితే నొప్పి మళ్లీ మామూలే.

మా నాయనమ్మ మాత్రం నమ్మేది కాదు. "పనంటెనే దీనికి నడుం యాదికొస్తది" అని చాటలో బియ్యం చెరుగుతూ సణిగేది. నాకు ఒళ్లు మండిపోయేది. పుండైతే చూపించవచ్చు, జ్వరమైతే చేయి పట్టుకుని చూడమనవచ్చు, ఈ నొప్పిని అమ్మ ఎట్లా చూపిస్తుంది? బతుకమ్మ ఆటలో వంగి చప్పట్లు కొట్టలేక ఏటా ఇంట్లోనే ఉండిపోతే, ఆమెకు గీర ఎక్కువని వాడంతా చెప్పుకుంది. ఆ మాట అమ్మను నొప్పికన్నా ఎక్కువ కుంగదీసింది.

ఒక ఏడు సద్దుల బతుకమ్మ నాడు, ఇంటినిండా తంగేడు, గునుగు పూలు, సజ్జరొట్టెలో బెల్లం కలిపి పిసికిన మలీద కమ్మదనం నిండి ఉండగా, నేను నడుం మీద అడుగు వేశానో లేదో అమ్మ కెవ్వుమంది. నా బరువు ఆమె ఓర్చుకునే బరువు దాటింది. నాయనమ్మ వచ్చి నన్ను దింపి, తానే కూర్చుని, వెతక్కుండానే ఆ చోట పిడికిలి ఆనించింది. అమ్మ ఊపిరి వదిలింది.

"నాగ్గూడ ఆడనే" అంది నాయనమ్మ పిడికిలి తీయకుండానే. "నీ పెన్మిటిని కన్నప్పటిసంది. చెప్తె మా అత్త నవ్వింది. ఇగ ఎవ్వలకు చెప్పలే."

ఆ సాయంత్రం నాయనమ్మే అమ్మను చేయి పట్టుకుని ఆటకు తీసుకుపోయింది. వంగి లేస్తున్న ఆడవాళ్ల మధ్య అమ్మ నిటారుగా నిలబడే చప్పట్లు కొట్టింది. అన్నేళ్లూ పళ్లు బిగబట్టి అందరితో పాటు వంగిన నాయనమ్మ, ఆ రోజు అమ్మ పక్కన నిలబడి తానూ వంగలేదు.

వావిలి పొదలున్న చోట ఇప్పుడు కంపెనీ ప్రహరీ. ఆ వాగులో పశువులు కూడా మూతి పెట్టవు. అమ్మ లేదు, నాయనమ్మ లేదు, నొప్పి నాకొచ్చింది. గోలీలున్నాయి, పట్టీలున్నాయి, స్కానింగులు చూసి అంతా బాగానే ఉందని చెప్పే డాక్టర్లున్నారు. వెతక్కుండానే చోటు పట్టుకునే ఆ పిడికిలి లేదు.